పదో వంతు

పోయిన వారం మనం సిర్కాని వర్క్‌షాపులో, బల్ల ముందు, చేతిలో వైరుతో వదిలి వచ్చాం. అప్పటికి ఆమె తమ్ముడు ఔలిస్ ఆవులన్నీ లారీ ఎక్కి కబేళాకి వెళ్లిపోయి కొద్ది రోజులే అయింది. నీళ్ల గిన్నెల్లోకి కరెంటు వస్తోంది, అందుకే ఆవులు మూతి పెట్టడం లేదు, పాలు తగ్గిపోతున్నాయి, పొదుగులు వాస్తున్నాయి అని ఔలిస్ ఏడాదంతా మొత్తుకున్నాడు. కరెంటు కంపెనీ నుంచి హెయిమో వచ్చి, ఓల్టేజిని కొలిచి నమోదు చేసే పెట్టె ఒకటి వారం పాటు కొట్టంలో ఉంచి చూసి, ఏమీ లేదన్నాడు. పెట్టె లేదన్నాక తప్పు మనిషిదే అయింది. ఊళ్లో వాళ్లు 'కరెంటు ఔలిస్' అని పేరు పెట్టారు. భార్య మార్కెట్టా పుట్టింటికి వెళ్లిపోయింది. ఇతనికి పశువుల్ని సాకే తెలివి పోయిందని పశువుల డాక్టరు, మున్సిపాలిటీ వాళ్లు కలిసి తేల్చారు. ఆఖరికి "పంపించెయ్యి తమ్ముడూ, పాపం అవి బాధపడుతున్నాయి" అని చెప్పి ఒప్పించింది సిర్కాయే. ఇప్పుడు అదే పెట్టె, సరిగ్గా కొలుస్తోందో లేదో ఏడాదికోసారి చూసే క్యాలిబ్రేషన్ కోసం, ఆమె బల్ల మీదకే వచ్చి కూర్చుంది.

ఆ పనిలో ఒక నియమం ఉంది. వచ్చిన పరికరాన్ని సరిచేయడానికి ముందు, అది ఎలా వచ్చిందో అలాగే ఉంచి కొలవాలి. ఒకసారి సరిచేశాక, అంతకుముందు అది ఎంత అబద్ధం చెప్పిందో తెలుసుకునే దారి ఇక ఎవరికీ ఉండదు. సిర్కాకి ఇది ఒకరు చెప్పాల్సిన మాట కాదు. ఈ బల్ల ముందే ఆమె జుట్టు నెరిసింది.

కిటికీ పక్కన బరువైన బూడిదరంగు యంత్రం ఒకటుంది. ఎన్ని ఓల్టులు అడిగితే అన్నీ, వెంట్రుకవాసి తేడా లేకుండా ఇస్తుంది. అది ఇచ్చిందే ఆ గదిలో సత్యం. సిర్కా, ఆమె భర్త తైస్తో దాన్ని 'తాతగారు' అంటారు. సిర్కా తాతగారిని ఒక ఓల్టు అడిగింది. హెయిమో పెట్టె ఆ ఒక ఓల్టుని చూసి, అందులో పదో వంతే ఉందంది.

వైరు వదులైందేమో అనుకుని మార్చింది. రెండు ఓల్టులు ఇచ్చింది. పదో వంతే. ఐదు ఇచ్చింది. మళ్లీ పదో వంతే. చెడిపోయిన పరికరమైతే తడబడుతుంది, ఒకసారి ఒకటి చెబుతుంది, ఇంకోసారి ఇంకోటి. ఇది ఎక్కడా తొణక్కుండా ఒకే అబద్ధం చెబుతోంది.

విప్పి చూడక్కర్లేదు. లోపల ఏముందో ఆమెకు తెలుసు. పెద్ద ఓల్టేజీలతో పరీక్షించేటప్పుడు పెట్టె మాడిపోకుండా, వచ్చినదాన్ని పదో వంతుకు కుదించే చిన్న మీట ఒకటి మూత కింద ఉంటుంది. పరీక్షకి ముందు దాన్ని కిందికి నొక్కాలి, అయ్యాక పైకి లేపాలి. లేపకుండా మూత బిగించేస్తే పెట్టెకి ఆ సంగతి తెలీదు. ప్రపంచమంతా పదో వంతే ఉందనుకుంటుంది. మూత స్క్రూ మీద వాళ్ల వర్క్‌షాపు ఎర్ర లక్క చుక్క చెక్కుచెదరకుండా ఉంది. అంటే పోయినేడు ఇక్కణ్నుంచి వెళ్లాక ఆ మూత ఎవరూ తియ్యలేదు.

"కాఫీ చల్లారిపోతోంది. మళ్లీ కాచమంటావా?" అంటూ తైస్తో లోపలికొచ్చాడు. నడుము ఆపరేషను అయిన దగ్గర్నుంచి కొంచెం వంగి నడుస్తాడు. సిర్కా పక్కకొచ్చి నిలబడి, తాతగారి మీదున్న అంకె చూశాడు. తర్వాత పెట్టె మీదున్న అంకె చూశాడు. కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"ఇది హెయిమోది కదూ?"

"ఔలిస్ కొట్టంలో పెట్టింది ఇదే."

"లోపల మీట."

"ఊఁ."

"పోయినేడు సరిచూసినప్పుడు లేపలేదు."

"అదే, ఎవరు లేపలేదు?"

తైస్తో కిటికీవైపు తిరిగాడు. బయట ఎవరిదో ట్రాక్టరు బంగాళాదుంపల బస్తాలు వేసుకుని వెళ్తుంటే, అది మలుపు తిరిగేదాకా దానివైపే చూశాడు.

"నేనే," అన్నాడు.

సిర్కా ఇంకేమీ అడగలేదు, పాత రిజిస్టరు తీసి చూడనూ లేదు. తైస్తో అబద్ధం చెప్పగా ఆమె ఎన్నడూ చూడలేదు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"వాడు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు తైస్తో. 'అక్కా, గిన్నె మీద చెయ్యి పెడితే జిలజిలమంటోంది, నువ్వూ పెట్టి చూడు' అన్నాడు. నేను పెట్టనైనా లేదు. 'పెట్టె లేదంటోంది కదరా' అన్నాను. వాడు నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. ఇక ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు."

"స్క్రూడ్రైవర్ తీసుకో."

"ఏంటీ?"

"మూత విప్పు. మీట పైకి లేపు. మళ్లీ లక్క చుక్క పెట్టు. మధ్యాహ్నం హెయిమో వస్తాడు, ఇచ్చి పంపించెయ్."

సిర్కా తల తిప్పి అతని వంక చూసింది. ఎవరో పరాయి మనిషి పొరపాటున లోపలికొచ్చి మాట్లాడుతున్నట్టు చూసింది.

"వర్క్‌షాపు కోసం చెప్పట్లేదు," అన్నాడు తైస్తో. "కావాలంటే రేపే మూసేద్దాం. నేను చేపలు పట్టుకుని బతుకుతాను. కానీ ఈ సంగతి బయటికి తీసుకెళ్లకు. ఆవులు తిరిగొస్తాయా? రావు. వాడికి చెబితే ఏం మిగులుతుంది? ఇన్నాళ్లూ తప్పు తనదే అనుకుని, ఏదో ఒకలా సర్దుకుంటున్నాడు. ఇప్పుడు, ఏ తప్పూ చెయ్యకుండానే అంతా పోగొట్టుకున్నానని తెలుస్తుంది. అది ఇంతకన్నా నొప్పి సిర్కా. నా మాట విను."

"నువ్వు చేసినదానికి వాడు పిచ్చోడిగా ఉండిపోవాలా?"

తైస్తో ఏదో అనబోయాడు.

"అలాగే అనుకో," అన్నాడు.

సిర్కా పెట్టెని సంచిలో పెట్టింది. తన మీటరు, వైర్లు, ఒక చిన్న రెసిస్టరు కూడా వేసుకుంది. కోటు తగిలించుకుని వచ్చేసరికి తైస్తో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరుగు."

"సిర్కా, నేను నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

"నిన్ను తోసుకుని వెళ్తే నీ నడుము పట్టేస్తుంది. మళ్లీ రాత్రికి మందు రాయాల్సింది నేనే. జరుగు తైస్తో."

మామూలుగా అయితే ఇద్దరూ నవ్వుకునే మాట. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. తైస్తో జరిగాడు.

* * *

సరస్సు పక్కనుంచి వెళ్లే రోడ్డు మీద తడిసిన బర్చి చెట్ల ఆకులు పసుపుపచ్చగా పరుచుకుని జారుతున్నాయి. సిర్కా నెమ్మదిగా నడిపింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. ఒక్క వాక్యం కూడా కుదరలేదు. కారు ఆపి దిగేసరికి, పెరట్లో ఉన్న నిశ్శబ్దం ముందు ఆమెను తాకింది. పుట్టి పెరిగిన ఇల్లు. ఆ పెరట్లో ఆవుల చప్పుడు లేని రోజు ఆమెకు గుర్తులేదు. గొలుసుల చప్పుడు, నెమరు వేసే చప్పుడు, ఎవరో ఒకరు దగ్గినట్టు ఉండే ఆ బరువైన ఊపిర్ల చప్పుడు. ఇప్పుడు కొట్టంలోంచి గొట్టం నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడొక్కటే వస్తోంది.

ఔలిస్ రబ్బరు బూట్లు వేసుకుని ఖాళీ కొట్టాన్ని కడుగుతున్నాడు. నేల అద్దంలా ఉంది. అయినా పొడవాటి చీపురుతో రుద్దుతున్నాడు. గోడకి ఆవుల పేర్లు రాసిన చెక్కలు ఇంకా అలాగే వేలాడుతున్నాయి. మాన్సిక్కి, హెలునా, ఒమెనా, లూమికి. కింద నీళ్లు తాగే గిన్నెలు వరసగా, ఖాళీగా మెరుస్తున్నాయి.

"ఎవరికోసంరా ఇంత కడుగుతున్నావు?"

"అలవాటు." చీపురు ఆపలేదు. "తెల్లారితే మెలకువ వస్తుంది. లేచి ఏం చెయ్యను? ఇంట్లో రై పిండి రొట్టె ఉంది, లోపల చేప పెట్టి కాల్చింది. పక్కింటావిడ తెచ్చింది. నా మీద జాలిపడ్డప్పుడల్లా ఒకటి తెస్తుంది. జాలి ఎక్కువైపోయి బూజు పడుతోంది. నువ్వు తిను."

గొట్టం కట్టేసి, అప్పుడు ఆమె చేతిలో సంచివైపు చూశాడు. సంచి మూతిలోంచి కనబడుతున్న పెట్టెని గుర్తుపట్టాడు. పెదవి ఒక పక్కకి వంగింది.

"ఈసారి దాన్ని నాకు తగిలిస్తావా అక్కా? లోపల ఏమైనా మిగిలుందేమో చూద్దాం. హెయిమో వచ్చి, 'ఏమీ లేదు' అని రాసుకుని పోతాడు."

"ఔలిస్, ఒక్కసారి ఇటురా."

సిర్కా మాన్సిక్కి గిన్నె దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పెట్టె వైరు ఒకటి గిన్నెకి తగిలించింది, ఇంకోటి ఆవు కాళ్లు ఆనే చోట తడి నేలకి. ఆ రెంటి మధ్య రెసిస్టరు కలిపింది. ఆవు ఒళ్లు కరెంటుని ఎంత అడ్డుకుంటుందో అదీ అంతే అడ్డుకుంటుంది. ఆవు లేని చోట ఆవుకి బదులు. పక్కనే తన మీటరు వైర్లు కూడా అవే చోట్ల తగిలించింది. పొద్దున్న తాతగారి దగ్గర సరిచూసి తెచ్చిన మీటరు అది.

"పాల మిషను పంపు వెయ్యి."

"పాలెక్కడున్నాయి, పంపు వెయ్యడానికి?"

"వెయ్యరా."

గోడ మీద స్విచ్చి వేశాడు. పంపు గురగురమని మొదలైంది. ఆ చప్పుడు వినగానే ఔలిస్ తల అటూ ఇటూ తిరిగింది, ఎవరైనా కదులుతారేమోనని. ఎవరూ కదల్లేదు.

"ఇది చదువు," అంది సిర్కా తన మీటరు చూపించి.

ఔలిస్ వంగాడు. "రెండున్నర."

"ఏంటి రెండున్నర?"

"ఓల్టులు."

"ఇప్పుడు పెట్టె చదువు."

"పావు." కాసేపు చూశాడు. మళ్లీ మీటరు చూశాడు. "ఇదేంటి? ఒకే గిన్నె. రెండూ ఒకే గిన్నెకి తగిలించావు కదా?"

"నా మీటరు నిజం చెబుతోంది. పెట్టె పదో వంతు చెబుతోంది. నీ కొట్టంలో వారమంతా అది పదో వంతే చెప్పింది. అంత కొంచెమైతే కంపెనీకి లేనట్టే లెక్క." ఆగితే ఇక చెప్పలేనని తెలిసి, సిర్కా ఆపకుండా చెప్పేసింది. "అది మా వర్క్‌షాపులోంచే అలా వచ్చింది. లోపల ఒక మీట లేపాలి, లేపలేదు. తైస్తో మర్చిపోయాడు. నీ గిన్నెల్లో కరెంటు ఉందిరా. మొదట్నుంచీ ఉంది. నువ్వు చెప్పింది నిజం."

ఔలిస్ కుడిచేతి తొడుగు విప్పాడు. తడి అరచేతిని గిన్నె మీద ఆనించి, రెండో చేత్తో ఇనప కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు మెల్లగా. "ఆఖర్లో నేను చెయ్యి పెట్టడం మానేశానక్కా. జిలజిలమన్నా, అది నా బుర్రలోనే అనుకునేవాణ్ని. బుర్ర డాక్టరు అలాగే అన్నాడుగా. చెయ్యి తీసేసి నా పని చూసుకునేవాణ్ని."

ఆపైన నవ్వాడు. వాళ్ల చిన్నప్పుడు, తిట్టబోయే ముందు నాన్న నవ్వే నవ్వు. అది మధ్యలోనే తెగిపోయింది.

"మాన్సిక్కి నన్ను తన్నింది గుర్తుందా? పక్కటెముక విరిగింది."

"గుర్తుంది."

"ఎందుకు తన్నిందో ఎవరికీ చెప్పలేదు. హెయిమో పెట్టె పట్టుకుపోయిన మర్నాడు. కరెంటు లేదు కదా, మరి మొండికేస్తోందనుకున్నాను. దాని మెడ చంకలో ఇరికించుకుని, మూతి పట్టుకుని గిన్నెలోకి అదిమాను. 'తాగు, ఏమీ లేదంట, తాగు' అంటూ అదిమాను. ఒళ్లంతా వణికిపోయింది. అయినా వదల్లేదు. రోజూ చేశాను. ఒక్కోదాన్నీ పట్టుకుని అలాగే అదిమాను. పార కర్రతో కొట్టాను కూడా." అతని అరచెయ్యి ఇంకా గిన్నె మీదే ఉంది. "అవి నా వంక చూసేవి. నేనెవరో తెలీనట్టు చూసేవి."

సిర్కా అతని చెయ్యి పట్టుకుని గిన్నె మీంచి లాగింది. అది మంచులా ఉంది.

"నువ్వు ఏం చేస్తావురా? అందరం కలిసి నీచేత చేయించాం."

"చేసింది నా చెయ్యేగా."

పంపు ఒక్కటే గురగురమంటూ ఖాళీ గొట్టాల్లోంచి గాలి పీలుస్తోంది.

* * *

గుమ్మంలో నీడ పడింది. హెయిమో. మనిషి లావు, కంపెనీ నీలం కోటు ఎప్పుడూ పొట్ట దగ్గర బొత్తాం పడదు. ఔలిస్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. ఈ ఇంట్లో సిర్కా వాళ్లమ్మ చేతి వంట ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు.

"తైస్తో ఫోన్ చేశాడు సిర్కక్కా, పెట్టె ఇక్కడుందని. 'వెళ్లి తీసుకో, ఇంకేం అడక్కు' అన్నాడు. ఏంటి సంగతి? వర్క్‌షాపు కొట్టంలోకి మార్చారా?"

అంటూనే దగ్గరికొచ్చాడు. నేల మీద పక్కపక్కనే ఉన్న రెండు అంకెలూ చూశాడు. ఆ పనిలో ఉన్నవాడు, చెప్పకుండానే అర్థమైంది. నెత్తిమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను ఇక్కడే నిలబడి, లేదన్నాను," అన్నాడు.

"అన్నావు," అన్నాడు ఔలిస్. "బుర్ర డాక్టరుకి చూపించుకోమని కూడా అన్నావు. ఆయన పేరు కూడా చెప్పావు. మంచివాడన్నావు."

"అన్నానురా."

"మంచివాడే. మందులిచ్చాడు."

హెయిమో కళ్లు నేల మీదకి దిగిపోయాయి. అతన్నలా చూడలేక సిర్కా కల్పించుకుంది.

"నీ తప్పు కాదు హెయిమో. పెట్టె సరిగ్గా ఉందని మేం చెప్పాం, నువ్వు నమ్మావు. తప్పు మాది. తైస్తో మర్చిపోయానని ఒప్పుకున్నాడు."

"తైస్తోనా?" హెయిమో తలెత్తాడు. "తైస్తో ఎలా మర్చిపోతాడక్కా? పోయినేడు దీన్ని సరిచూసినప్పుడు తైస్తో ఇక్కడెక్కడున్నాడు? నడుము ఆపరేషనుకి కువోపియో ఆసుపత్రిలో పడుకుని ఉన్నాడుగా. అది మీ అమ్మ చనిపోయిన వారం. పెట్టె కోసం నేనొస్తే నువ్వే కదా తీసిచ్చావు? కళ్లు వాచిపోయి ఉన్నాయి. 'ఇంటికెళ్లక్కా, ఇప్పుడు ఇదంతా ఎందుకు' అంటే, 'పని చేస్తుంటేనే నయంగా ఉంది' అన్నావు..."

అక్కడికి వచ్చాక, తను ఏం మాట్లాడుతున్నాడో అతనికి తెలిసింది. కానీ మాట బయటికి వచ్చేసింది.

సిర్కాకి నల్ల గౌను గుర్తొచ్చింది. అంత్యక్రియల కోసం కుట్టించిన గౌను. చేతులు పొడవై బల్లకి తగులుతుంటే పిన్నీసులతో పైకి మడిచి పెట్టుకుంది. ఆ పిన్నీసులు గుర్తొచ్చాయి. చర్చిలో నిలబడాల్సిన సమయానికి ఇంకా వ్యవధి ఉందని, ఆ కాసేపు ఇంట్లో ఒంటరిగా ఉండలేక వర్క్‌షాపు తలుపు తీసింది కూడా గుర్తొచ్చింది. మీట గుర్తు రాలేదు. ఎంత వెతికినా ఆ మీట మీద తన వేలు కనబడలేదు. నొక్కినట్టూ లేదు, లేపినట్టూ లేదు. అక్కడంతా ఖాళీ.

తైస్తో మొహం మాత్రం కనబడింది. 'నేనే' అనేముందు ట్రాక్టరు వంక చూసిన మొహం. 'అలాగే అనుకో' అన్న మొహం. వర్క్‌షాపు కోసం కాదన్నాడు. తన కోసమూ కాదు. ఎవరికోసం దాచమన్నాడో ఆ పొద్దున్న తెలియని మనిషి ఆమె ఒక్కతే.

సిర్కా మాన్సిక్కి నిలబడే చోట తడి నేల మీద కూర్చుండిపోయింది. ఔలిస్ వైపు తలెత్తే ధైర్యం లేదు. అతని రబ్బరు బూట్లు రెండూ ఆమె ముందుకొచ్చి ఆగాయి. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"అయితే చెప్పకు," అన్నాడు ఔలిస్.

"ఏంటి?"

"ఎవరికీ చెప్పకు. హెయిమో కూడా చెప్పడు. ఏరా, చెప్పవుగా? మూత విప్పి మీట లేపేసి, పట్టుకుపో." అతని గొంతులో కోపం లేదు. దేని మీదా ఆశ లేని మనిషి గొంతు అది. "నేను పిచ్చోణ్నని ఊరంతా అనుకుంటోంది. నాకు అలవాటైపోయింది. ఇప్పుడు నా పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడమెందుకు? మార్కెట్టా పోయింది. ఆవులు పోయాయి. రేపు నీ పేరు కూడా ఊళ్లో వాళ్ల నోళ్లలో పడితే, నాకు చెప్పుకోడానికి ఎవరుంటారక్కా?"

సిర్కా చేతుల్లో మొహం పెట్టుకుంది. పొద్దుట్నుంచి ఇద్దరు మగవాళ్లు ఆమె మీద ప్రేమతో ఒకే అబద్ధాన్ని చేతిలో పెట్టారు. పుచ్చుకుంటే తమ్ముడు పిచ్చివాడిగానే పోతాడు. కాదంటే, తమ్ముణ్ని అలా చేసింది తనేనని నలుగురిలో నిలబడి చెప్పాలి. చెప్పినా ఒక్క ఆవు కూడా ఈ గుమ్మంలోంచి తిరిగి రాదు. ఎటు చూసినా చీకటి కొట్టమే.

హెయిమో ఇంకా కదల్లేదు. టోపీ అంచుని నలుపుతూ నిలబడ్డాడు. అతని మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

"అక్కా," అన్నాడు. "ఇది దాచినా దాగేట్టు లేదు."

"ఏమైంది?"

"ఔలిస్ దగ్గర్నుంచి తీసుకెళ్లాక, ఈ పెట్టెని హిల్యా కొట్టంలో పెట్టాను."

హిల్యా సరస్సుకి అటుపక్క ఉంటుంది. మొగుడు పడవ మునిగి చనిపోయాక, ఉన్న నాలుగు ఆవుల్నే పిల్లల్లా చూసుకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి. ఔలిస్‌ని చూసి ఊరంతా నవ్వినప్పుడు నవ్వనిది ఆమె ఒక్కతే.

"ఆవిడ కూడా ఇదే చెప్పింది," అన్నాడు హెయిమో. "ఆవులు గిన్నె దగ్గరికి పోవట్లేదని. 'ఔలిస్ మాటలు విని నీక్కూడా అంటుకున్నట్టుంది' అని నవ్వాను. ఏమీ లేదని చెప్పాను."

"ఇప్పుడు ఆవిడ ఆవులు ఎలా ఉన్నాయి?"

"ఇవాళే లారీ, కబేళాకి."

సిర్కా లేచింది. తడి గౌను కాళ్లకి చుట్టుకుంటుంటే ఇంట్లోకి పరిగెత్తి గోడ మీద ఫోను అందుకుంది. నంబరు తప్పు తిప్పింది, మళ్లీ తిప్పింది. అవతల మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. "హిల్యా, ఎత్తు తల్లీ, ఎత్తు," అని ఫోనుకే చెప్పుకుంది. మోగి మోగి ఆగిపోయింది.

ఫోను పెట్టేశాక, ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు వినబడింది. ఇంజను. ఏటవాలు దిగుతూ గేరు మార్చిన పెద్ద బండి చప్పుడు. దాని వెనకే, సన్నగా, ఆగి ఆగి, ఆవు అరుపు.

ఆమె బయటికొచ్చేసరికి ఔలిస్ కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లారీ హిల్యా ఆవులతో సరస్సు వైపునుంచి వస్తోంది. అదే ఎర్ర లారీ, అతని ఆవుల్ని తీసుకెళ్లిందే. పక్క చెక్కల సందుల్లోంచి తెల్లటి మూతి ఒకటి బయటికొచ్చి గాలి పీల్చుకుంటోంది. మళ్లీ అరిచింది. ఇన్నాళ్లకి ఆ పెరట్లో వినబడిన మొదటి ఆవు గొంతు.

ఔలిస్ వెనక్కి తిరిగాడు. వంగి, పెట్టె వైర్లు పీకి, దాన్ని రెండు చేతుల్తో ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. హెయిమో "ఒరేయ్, ఎక్కడికిరా?" అంటుండగానే అతన్ని దాటుకుని పెరడు దిగాడు. ముందు నడిచాడు. కోసిన గడ్డి మోళ్ల మీద నడక పరుగైంది. ఆ లావుపాటి రబ్బరు బూట్లతో అంత వేగంగా పరిగెత్తగలడని సిర్కా అనుకోలేదు.

"ఔలిస్! ఆగరా! కారుంది, కార్లో వెళ్దాం! ఔలిస్!"

అతను వెనక్కి చూడలేదు. కాలవ దాటి రోడ్డెక్కాడు. సరిగ్గా మలుపు అయ్యాక, లారీ వాడికి ఆఖరి క్షణందాకా కనబడని చోట, తడి ఆకుల మీద రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. లారీ మలుపు తిరుగుతోంది. హారన్ కొట్టింది. చక్రాలు కీచుమన్నాయి, ఆకుల మీద పక్కకి జారాయి. లోపల ఆవులన్నీ ఒక్కసారిగా అరిచాయి.

ఔలిస్ చెయ్యి ఎత్తలేదు, ఆగమని కేకెయ్యలేదు. పెట్టెని రెండు చేతుల్తో పట్టుకుని, లారీకి ఎదురుగా కదలకుండా నిలబడ్డాడు.

సిర్కా పొలంలో పరిగెత్తుతూ, అరుస్తూ, అది చూసింది. తమ్ముడు లారీని ఆపడానికి నిలబడ్డాడో, అది ఆగకూడదనే నిలబడ్డాడో ఆమెకు తెలియలేదు.